నిప్పుల చెరువు మీద పిల్లాపాపలతో

అగ్నిపర్వతం బొమ్మ గీయమంటే మన పిల్లలందరూ ఒకేలా గీస్తారు. ఒక త్రికోణం, దాని కొన మీద చిన్న గుంట, గుంటలోంచి పైకి ఎర్ర పెన్సిలుతో నాలుగు గీతలు. పెద్దవాళ్ళలోనూ చాలామందికి అంతకు మించి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఇన్నాళ్ళూ రాలేదు. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ సముద్రంలోని బేరన్ ద్వీపం. అక్కడ మనుషులెవరూ కాపురం వుండరు. హిమాచల్‌లో జ్వాలాముఖి అమ్మవారి గుడిలో ఆరకుండా వెలిగే మంటను అగ్నిపర్వతం అనుకునేవారు కొందరున్నారు గాని, అది నేలలోంచి వచ్చే సహజవాయువు మండడమే తప్ప వేరు కాదు.

ఇప్పుడు కాలం మారింది. మన కాలేజీలో చదివి విదేశాల్లో స్థిరపడిన వాళ్ళూ, వాళ్ళను చూడ్డానికి వెళ్ళిన తల్లిదండ్రులూ, సెలవుల్లో హవాయి అనీ ఇటలీ అనీ ఇండోనేషియా అనీ అగ్నిపర్వతాల అంచుల దాకా నడిచి వస్తున్నారు. అలా వెళ్ళినవాళ్ళు ఫొటోలు చూపిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న, "భయం వెయ్యలేదా?" అని. నిజానికి అడగవలసిన ప్రశ్న వేరే వుంది. అక్కడ నడవడం క్షేమమని ఎవరు చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు? పసిపిల్లను చంకనెత్తుకుని ఒక తల్లి అగ్నిబిలంలోకి దిగుతున్నదంటే, ఆమె వెనక వంద సంవత్సరాల కొలతలు, లెక్కలు వుండాలి. అవి లేనిచోట ఏం జరిగిందో కూడా ఈ మధ్యకాలపు చరిత్రలోనే వుంది. రెండూ చెప్పాలనే ఈ వ్యాసం.

నేను చూసిన బిలం పేరు కిలౌయా ఇకి. హవాయి భాషలో 'ఇకి' అంటే చిన్నది. కిలౌయా అనే పెద్ద అగ్నిపర్వతం నెత్తి మీద, పెద్ద బిలానికి పక్కనే వున్న చిన్న బిలం కాబట్టి ఆ పేరు. చిన్నది అన్నారు గాని పొడవు ఇంచుమించు ఒకటిన్నర కిలోమీటరు వుంటుంది. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యనున్న హవాయి దీవుల్లో అన్నిటికంటే పెద్ద దీవిలో వుంది. ఆ ప్రాంతమంతా అమెరికా ప్రభుత్వం 1916లో ఏర్పాటు చేసిన జాతీయ ఉద్యానవనం. కిలౌయా ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1250 మీటర్లు, అంటే మన హార్స్‌లీ కొండలంత. అయితే చూడ్డానికి కొండలా వుండదు. బోర్లించిన పళ్ళెంలా వాలుగా, విశాలంగా పరుచుకుని వుంటుంది. కారు తిన్నగా బిలం అంచు దాకా పోతుంది. "కొండేదండీ?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. కొండ మీదనే నిలబడి వున్నాం.

పిల్లలు గీసే త్రికోణం బొమ్మ ఇక్కడ చెల్లదు. ఈ బిలం పేలి ఏర్పడినది కాదు, కుంగి ఏర్పడినది. భూమి లోపల కరిగిన రాయి, అంటే శిలాద్రవం, కొంత లోతున గదుల్లాంటి చోట్ల నిలవ వుంటుంది. అది మరో దారిన పక్కకు జారిపోతే గది ఖాళీ అవుతుంది, పైకప్పు ఆధారం లేక కూలుతుంది. పాతనుయ్యి ఒర కుంగితే చుట్టూ నేల ఎలా దిగిపోతుందో అలా అన్నమాట. అందుకే గోడలు నిట్టనిలువుగా వుంటాయి. బిలం అన్నంతమాత్రాన అన్నీ ఒక జాతి కావు. మహారాష్ట్రలో లోణార్ సరస్సును చాలాకాలం అగ్నిపర్వత బిలమని తలచిన వాళ్ళున్నారు. తీరా పరీక్షిస్తే అది ఆకాశం నుంచి ఉల్క వచ్చి పడిన గుంట అని తేలింది.

ఇక 1959 సంగతి. ఈ బిలంలో నడిచేవాడికి ఆ సంవత్సరం తెలియకపోతే ఏమీ తెలియనట్టే.

ఆ ఏడు ఆగస్టులో కిలౌయా కింద సుమారు 50 కిలోమీటర్ల లోతున చిన్న చిన్న భూకంపాలు గుంపులు గుంపులుగా నమోదయ్యాయి. కిలౌయా మీద 1912 నుంచీ ఒక పరిశోధనశాల వుంది. థామస్ జాగర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు స్థాపించినది. ఆయన ఉద్దేశం సూటిగా వుండేది. పర్వతం పేలిన తరవాత శవాలను లెక్కపెట్టడం కాకుండా, పేలకముందు నుంచే దాని పక్కన కాపురం వుండి నాడి చూడాలి. 1959 నాటికి అక్కడివాళ్ళు నేల వాలును కొలవడానికి ఒక సులువైన పరికరం వాడుతున్నారు. మన తాపీ మేస్త్రీలు పునాది మట్టం చూడ్డానికి నీళ్ళు నింపిన సన్నని గొట్టం పట్టుకుంటారు గదా, సూత్రం అదే. దూరదూరంగా పెట్టిన పాత్రలను గొట్టంతో కలిపి నీళ్ళు పోస్తారు. నేల ఒకవైపు వెంట్రుకవాసి లేచినా నీటిమట్టం పట్టిస్తుంది. ఆ నీళ్ళు కిలౌయా నెత్తి నెమ్మదిగా ఉబ్బుతున్నదని చెప్పాయి. లోపలికి శిలాద్రవం చేరుతున్నదన్నమాట.

1959 నవంబరు 14 రాత్రి కిలౌయా ఇకి దక్షిణపు గోడ మీద పగుళ్ళు విచ్చుకున్నాయి. ఆ పగుళ్ళ వెంట నిప్పుల తెర లేచింది. ఒక రోజు గడిచేసరికి మిగతావి ఆరిపోయి ఒక్కచోట మాత్రం ఫౌంటెన్ మిగిలింది. దీపావళినాడు చిచ్చుబుడ్డి వెలిగించి చుట్టూ నిలబడటం మనకలవాటే. అటువంటి చిచ్చుబుడ్డి ఒకటి డిసెంబరులో 580 మీటర్ల ఎత్తుకు లేచింది. చార్మినారు మీద చార్మినారు చొప్పున పది పేర్చినా ఇంకా కొంత మిగులుతుంది. ఎగిసిన లావా బిలంలోనే పడి చెరువులా నిండింది. ఫౌంటెన్ ఆగగానే ఆ చెరువులోని లావా కొంత సుడి తిరుగుతూ వచ్చిన కంతలోకే తిరిగి ఇంకిపోయేది. మళ్ళీ ఎగిసేది, మళ్ళీ ఇంకేది. డిసెంబరు 20 దాకా ఇలా పదిహేడుసార్లు జరిగింది. చివరికి బిలం అడుగున మిగిలిన లావా లోతు 120 మీటర్లకు పైమాటే. నాగార్జునసాగర్ డ్యాము ఎంత ఎత్తో అంత లోతున, చెరువు నిండా కరిగిన రాయి! దాని వేడి సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు.

ఆ చెరువు మీదనే ఇప్పుడు మనం నడిచేది.

ఎలా సాధ్యమయిందో చూడండి. పాలు కాచి దింపితే పైన మీగడ కడుతుంది. మీగడ చల్లగా తగులుతుంది, కింద పాలు నాలుక కాలేటంత వేడిగా వుంటాయి. లావా చెరువూ అంతే. గాలి తగిలిన పైభాగం కొద్ది గంటల్లో గట్టిపడి నల్లని అట్టు కడుతుంది. రాయి వేడిని త్వరగా పోనివ్వదు, అందుకని ఆ అట్టు మందమయిన కొద్దీ కిందిది చల్లారడం ఇంకా ఆలస్యమవుతుంది. మామూలుగా ఇటువంటివి లెక్కలు వేసి ఊహించవలసిందే గాని కళ్ళారా చూడ్డానికి వీలుండదు. కిలౌయా ఇకిలో ఆ వీలు దొరికింది. 1960 నుంచి 1988 దాకా శాస్త్రజ్ఞులు ఆ అట్టు మీదికి యంత్రాలు దింపి, బోరుబావి తవ్వినట్టు రంధ్రాలు తొలిచారు. ఎంత లోతుకు వెళితే ఇంకా మెత్తగా వున్న రాయి తగులుతున్నదో ఏళ్ళ తరబడి కొలిచారు. ఏ వేడి దగ్గర ఏ ఖనిజం ముందు గడ్డకడుతుందో పైకి తీసిన నమూనాల్లో చూశారు. పుస్తకాల్లో సిద్ధాంతంగా మేము చదువుకున్న విషయం, శిలాద్రవంలో ఆకుపచ్చని ఆలివిన్ స్ఫటికాలు ముందు ఏర్పడి బరువుకు అడుగుకు దిగుతాయన్నది, అక్కడ చేతిలో పట్టుకుని చూడగలిగారు. చెరువు మొత్తం గట్టిపడటానికి ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. 1990ల మధ్యకు గాని కరిగిన రాయి లేకుండా పోలేదు. అంటే నేను కాలేజీలో చేరిన రోజుల్లో ఇక్కడ నడిచినవాళ్ళ కాళ్ళ కింద ఇంకా ద్రవం వుందన్నమాట! అయినా వాళ్ళు నడిచారు, నడవనిచ్చారు. ఎందుకంటే అట్టు ఎంత మందమో కొలిచినవాళ్ళున్నారు.

మేము ఆరుగురం. నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవడు, ఆరేళ్ళ మనవరాలు. ఒక గైడును మాట్లాడుకున్నాం. ఆవిడ అక్కడే పుట్టి పెరిగి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. దారి మొత్తం చుట్టి వస్తే అయిదు కిలోమీటర్ల పైచిల్లర, రెండు మూడు గంటల పని. బయల్దేరేముందు ఆవిడ చేసిన మొదటి పని మా చెప్పులు చూడటం. మా ఆవిడ కాళ్ళకు మామూలు చెప్పులున్నాయి. "వీటితో రావద్దమ్మా, ఈ రాయి గాజు లాంటిది, పడితే చెయ్యి కోసుకుపోతుంది" అని తన కారులోంచి ఒక జత బూట్లు తీసి ఇచ్చింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని మా ఆవిడ ఆ బూట్లతోనే చివరి దాకా నడిచింది. రెండవ పని, దారి మొదట్లో పెట్టిన బ్రష్షుతో అందరి బూట్ల అడుగులూ రుద్దించడం. ఇది మన బాగుకోసం కాదు, చెట్ల కోసం. అక్కడి ఓహియా అనే ఎర్రపూల చెట్లకు ఒక శిలీంధ్రం పట్టి చంపేస్తున్నది. బురదతోపాటు ఆ రోగం ఒక అడవి నుంచి ఇంకో అడవికి మనుషుల కాళ్ళతో ప్రయాణం చేస్తుందట. మూడవ పని, మా కోడలికి ఉబ్బసం వుందా, ఎవరికైనా గుండెజబ్బు వుందా అని పేరు పేరునా అడగడం. దానికి కారణం తరవాత చెబుతాను.

అంచు నుంచి దిగే దారి దట్టమైన అడవి. మనిషికంటే ఎత్తయిన ఫెర్న్ మొక్కలు, నీళ్ళు కారే ఆకులు. మలుపులు తిరుగుతూ సుమారు 120 మీటర్లు దిగితే అడవి ఒక్కసారిగా ఆగిపోతుంది. ముందు నల్లని బయలు. తారు రోడ్డును ఎవరో గునపాలతో పెళ్ళగించి వదిలేసినట్టు, అంచు దగ్గర పలకలు పలకలుగా లేచి వుంది. లావా నిండుగా వున్నప్పుడు ఎంత ఎత్తుదాకా వచ్చిందో గోడ మీద చుట్టూ గీత కనిపిస్తుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే గట్టుకు మిగిలే నీటి గీత లాంటిదే. మధ్యకు వెళ్ళినకొద్దీ నేల చదునవుతుంది. అక్కడక్కడ పొడుగాటి పగుళ్ళు. రాయి చల్లారేటప్పుడు కుదించుకుపోయి పగులుతుంది, ఎండిన చెరువు అడుగున బంకమట్టి బీటలు వారినట్టు. కొన్ని బీటల్లోంచి తెల్లగా ఆవిరి వస్తున్నది.

మనవడికి ఆ ఆవిరి చూశాక భయం పట్టుకుంది. "తాతయ్యా, కింద ఇంకా మరుగుతోందా?" అన్నాడు. గైడు వాణ్ణి దగ్గరకు పిలిచింది. "ఇది వాననీరు బాబూ. ఇక్కడ వానలెక్కువ. పగుళ్ళలోకి దిగిన నీరు లోపలి వేడిరాయికి తగిలి ఆవిరయి వస్తుంది. రాయి గట్టిపడింది గాని వేడి పోలేదు" అని చెప్పింది. వాడు చెయ్యి పెట్టబోతే మాత్రం గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. పైకి వచ్చేసరికి గోరువెచ్చగా వుండే ఆవిరి అరగజం లోపల చర్మం ఊడదీసేంత వేడిగా వుండవచ్చు. కంటికి తేడా తెలియదు.

బయలు మీద దారి అంటూ ఏమీ వుండదు. రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చిన గుర్తులు వరసగా వుంటాయి. అక్కడి భాషలో వాటిని 'అహు' అంటారు. యాత్రికులు సరదాకి తామూ నాలుగు రాళ్ళు పేర్చి ఫొటోలు తీసుకుంటారు. మన తిరుమల మెట్లదారిలో, శ్రీశైలం దారిలో ఇల్లు కట్టుకోవాలని మొక్కుకుని రాళ్ళు పేర్చడం ఎరుగుదుం గనక మా ఆవిడ కూడా వంగబోయింది. గైడు వద్దంది. ఆ బిలంలోకి నిమిషాల్లో పొగమంచు దిగుతుంది, పది అడుగుల దూరం కనపడదు. అప్పుడు మనిషిని ఒడ్డుకు చేర్చేవి ఆ గుర్తులే. దొంగ గుర్తు ఒకటి పెడితే ఎవరి పిల్లలో దారి తప్పుతారు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. 580 మీటర్ల నిప్పుల ఫౌంటెన్ ఎగిసినా 1959లో బిలం అంచున నిలబడి చూసినవాళ్ళు ప్రాణాలతో ఎలా వున్నారు? ఇటలీలో వెసూవియస్ క్రీ.శ. 79లో పాంపే నగరాన్ని బూడిదలో పాతిపెట్టిందే, దీనికీ దానికీ తేడా ఏమిటి? తేడా వంటింట్లో చూడవచ్చు. చారు మరిగితే బుడగలు పైకి వచ్చి చప్పుడు లేకుండా పగులుతాయి. అదే సంకటి ఉడికేటప్పుడు బుడగ చిక్కదనంలో ఇరుక్కుని, ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా తప్పున పేలి చేతిమీద పడుతుంది. హవాయి లావా చారు జాతి. సిలికా తక్కువ, పలుచన, అందులోని వాయువులు సులువుగా బయటపడతాయి. వెసూవియస్ వంటివి సంకటి జాతి.

అయితే ఈ పాఠం సగమే నేర్చుకుంటే ప్రమాదం. కిలౌయా ఎల్లప్పుడూ సాధువు కాదు. 1790లో అది భయంకరంగా పేలింది. అప్పుడు కెయోవా అనే నాయకుడి సేనలో ఒక దళం, వెంట వున్న కుటుంబాలతో సహా, వేడి బూడిద గాలికి చనిపోయింది. ఆనాటి తడి బూడిదలో పడి గట్టిపడిన పాదముద్రలు ఇప్పటికీ ఆ ఎడారిలో వున్నాయి. చాలాకాలం వాటిని సైనికుల అడుగులుగానే చెప్పేవారు. తరవాత కొలతలు తీసిన పురావస్తు పరిశీలకులు వాటిలో ఆడవాళ్ళ అడుగులు, పిల్లల అడుగులు కూడా ఎన్నో వున్నాయన్నారు. మనకంటే ముందే పిల్లలతో ఇక్కడ తిరిగిన కుటుంబాలున్నాయన్నమాట. 1924లో కూడా పెద్ద బిలం పేలి రాళ్ళు విసిరింది, ఒక మనిషి పోయాడు. 2018 మే నుంచి ఆగస్టు దాకా దూరాన జనం కాపురమున్న చోట నేల విచ్చి లావా పారింది, ఏడువందల పైచిలుకు ఇళ్ళు పోయాయి. అదే సమయంలో పైన పెద్ద బిలం అడుగు సుమారు 500 మీటర్లు కుంగిపోయింది. ఉద్యానవనాన్ని నాలుగు నెలల పైన మూసేశారు.

అసలు విషయం ఇదీ. బిలం చూపించేవాడు దారి చూపించడానికి మాత్రమే వున్నాడనుకుంటాం. దారి చూపించడం అతని పనిలో చిన్నభాగం. పెద్దభాగం, ఇవాళ వద్దు అని చెప్పడం. ఆ మాట చెప్పగలిగిన చోట కుటుంబాలు క్షేమంగా ఇంటికి వచ్చాయి, చెప్పని చోట రాలేదు.

న్యూజిలాండు దగ్గర సముద్రంలో వకారి అనే ద్వీపం వుంది. వైట్ ఐలండ్ అని కూడా అంటారు. ద్వీపమే ఒక అగ్నిపర్వతం. అక్కడికి రోజూ గైడులతో యాత్రికులను తీసుకెళ్ళేవారు, బిలం అంచు దాకా నడిపించేవారు. 2019 నవంబరు 18న శాస్త్రజ్ఞులు ప్రమాద సూచిక స్థాయిని ఒకటి నుంచి రెండుకు పెంచారు. యాత్రలు ఆగలేదు. డిసెంబరు 9 మధ్యాహ్నం ఆవిరి, బూడిద ఒక్కసారి పేలి ఎగిసినప్పుడు ద్వీపం మీద 47 మంది వున్నారు. వారిలో 22 మంది చనిపోయారు, గైడులు కూడా వున్నారు. గైడు వుండటం ఒక్కటే రక్ష కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనపడదు. అది లావా కూడా కాదు. నేలలోని నీరు అమిత వేడికి ఆవిరయి, మూత పెట్టిన కుక్కరు పేలినట్టు పేలింది. ఇటువంటి పేలుడుకు ముందు హెచ్చరికలు చాలా తక్కువ.

జపానులో ఒంటాకె పర్వతం కూడా అదే రకం. 2014 సెప్టెంబరు 27, శనివారం, పగటిపూట, ఆకులు రంగులు మారే కాలమని వందల మంది శిఖరం మీద వుండగా పేలింది. 63 మంది చనిపోయారు లేదా దొరకలేదు. ఆ రోజు ప్రమాద సూచిక అట్టడుగు స్థాయిలోనే వుంది. అంటే సూచిక ఒక్కదాన్ని నమ్ముకున్నా చాలదు. ఇటలీలో నేపుల్స్ పక్కన సోల్ఫతారా అనే ఆవిరి బిలంలో 2017 సెప్టెంబరులో నేల కుంగి ఏర్పడిన గుంటలో పడి తల్లి, తండ్రి, పదకొండేళ్ళ కొడుకు ముగ్గురూ చనిపోయారు. ఏడేళ్ళ చిన్నవాడు ఒక్కడే మిగిలాడు. అక్కడ పేలుడూ లేదు, లావా లేదు. వున్నది కుంగే నేల, ప్రాణం తీసే వాయువులు.

ఈ వాయువుల కోసమే గైడు ఉబ్బసం సంగతి అడిగింది. అగ్నిపర్వతం వదిలే గంధకపు వాయువు, మనం కెమిస్ట్రీ ల్యాబులో గంధకం మండిస్తే ముక్కు పగిలే ఘాటు వాసన వస్తుంది చూడండి, అదే సల్ఫర్ డయాక్సైడు, ఊపిరితిత్తుల తడికి తగిలి ఆమ్లమవుతుంది. ఆరోగ్యవంతుడికి దగ్గు వస్తే ఉబ్బసం వున్నవాడికి ఊపిరాడదు. చిన్నపిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు వాళ్ళు జాగ్రత్తగా వుండాలి. గాలి ఎటు వీస్తున్నదన్నదే ముఖ్యం. హవాయిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. 1959 ఫౌంటెన్ నుంచి ఎగిరిన రవ్వలన్నీ ఆ గాలికి ఒకే పక్కన పడి పూ పువాయి అనే రవ్వల గుట్ట తయారయింది. ఆ గుట్ట ఏ పక్కన వుందో చూస్తే చాలు, గాలి ఎటు పోతుందో ఎప్పటికీ తెలుస్తుంది. గాలి తిరిగిన రోజు తను యాత్ర మానుకుంటానని గైడు చెప్పింది. డబ్బు తిరిగి ఇచ్చేస్తుందట. ఆ రోజు పొద్దున కూడా బయల్దేరే ముందు పరిశోధనశాల ప్రకటన చదివి, ఉద్యానవనం ఆఫీసులో అడిగి, అప్పుడే మమ్మల్ని రమ్మంది.

మన విహారయాత్రల్లో ఈ పద్ధతి నాకు కనిపించదు. బస్సు మాట్లాడుకున్నాం, డబ్బు కట్టాం గనక ఎలాగైనా చూసే రావాలి అంటాం. జలపాతాల దగ్గర, రిజర్వాయర్ల దగ్గర, "ఇక్కడ దిగవద్దు" అన్న బోర్డుకు టవలు ఆరేసి స్నానాలకు దిగే విద్యార్థులను ప్రతి సంవత్సరం చూస్తున్నాం. పేపర్లో ఫొటోలూ ప్రతి సంవత్సరం చూస్తున్నాం. వద్దన్న కాపలామనిషిని మనం ఎలా మాట్లాడతామో చెప్పనక్కర్లేదు.

హవాయి జనానికి ఆ బిలం వినోదస్థలం కాదన్నది కూడా చెప్పాలి. అది పెలె అనే దేవత నివాసం. లావా ఆమె శరీరం. లావా గాలికి సాగి సన్నని గాజు దారాలయితే 'పెలె జుట్టు' అంటారు, చుక్కలుగా గడ్డకడితే 'పెలె కన్నీళ్ళు' అంటారు. ఈ పేర్లు శాస్త్రగ్రంథాల్లోకి కూడా అలాగే ఎక్కాయి. అక్కడ కాసే ఓహెలో అనే ఎర్రపళ్ళు ముందు ఆమెకు సమర్పించి తరవాత తినడం ఆచారం. మొదటి ముద్ద దేవుడికి తీసిపెట్టే ఇంట్లో పుట్టిన మా ఆవిడకు ఇది ఎవరూ వివరించవలసిన పని లేకపోయింది. అక్కడి రాయి తీసుకుపోతే కీడు జరుగుతుందని ఒక నమ్మకం ప్రచారంలో వుంది. ఎక్కడెక్కడినుంచో జనం తాము పట్టుకుపోయిన రాళ్ళను క్షమాపణ ఉత్తరాలతో పార్సెలు చేసి వెనక్కి పంపుతుంటారట. శాపం సంగతి ఎలా వున్నా, ఉద్యానవనంలో రాయి తీయడం చట్టరీత్యా నేరం. మనవరాలి గౌను జేబులో బయటపడిన చిన్న రవ్వను గైడు నవ్వుతూ తీసుకుని కింద పెట్టేసింది.

జియాలజీ విద్యార్థికి కావలసిన రాయి కోసం అంత దూరం పోనక్కరలేదు కూడా. మన డిపార్టుమెంటు గాజు బీరువాలో 'బసాల్టు' అని చీటీ అంటించిన నల్లరాయి ఏళ్ళ తరబడి వుంది. పరీక్షల ముందు తప్ప ఎవరూ దాని వంక చూడరు. అది కిలౌయా ఇకి రాయికి అన్నదమ్ముల వరస. సుమారు 660 లక్షల సంవత్సరాల కిందట మన దక్కను మీద పలుచని లావా పొరలు పొరలుగా ప్రవహించింది. తెలంగాణ పడమటి అంచున వికారాబాదు, జహీరాబాదు వైపు, పైన ఆదిలాబాదు వైపు నేల ఆ లావాయే. గోదావరికి ఇటు పంగిడి, దుద్దుకూరు, అటు కాతేరు దగ్గర కూడా అదే కాలపు నల్లరాతి పొరలున్నాయి. పడమట ఎక్కడో బయటపడిన లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి దాకా వచ్చిందని కొందరు శాస్త్రజ్ఞులు అంటున్నారు. లోకంలో అంత పొడుగు లావా ప్రవాహం మరొకటి లేదని వాళ్ళ అభిప్రాయం. 1959లో కిలౌయా ఇకిని నింపినదంతా దాని ముందు ఒక చెంబెడు!

కాతేరు రాజమండ్రిని ఆనుకునే వుంది. అక్కడ రెండు లావా పొరల నడుమ పలుచని సున్నపురాయి పొర కనిపిస్తుంది. అందులో నత్తగుల్లల వంటి శిలాజాలు దొరుకుతాయి. ఒక లావా వచ్చి చల్లారి, దాని మీద నీరు నిలిచి, ఆ నీటిలో ప్రాణులు పుట్టి పెరిగి, ఆ తరవాత మరో లావా వచ్చి వాటిని కప్పింది. కిలౌయా ఇకి బీటల్లో ఇప్పుడు మొలుస్తున్న ఫెర్నులు, మోకాలెత్తు ఓహియా మొక్కలు చూసినప్పుడు నాకు ఆ సున్నపురాయి పొరే జ్ఞాపకం వచ్చింది. అక్కడ రెండు లావాల నడిమి విరామం ఇప్పుడు నడుస్తున్నది.

ఆ విరామం ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు. పక్కనున్న పెద్ద బిలంలో 2024 డిసెంబరు 23న మొదలైన ఫౌంటెన్లు ఆగుతూ లేస్తూ 2025లో కొన్నిసార్లు 300 మీటర్లు కూడా దాటాయి. అలాంటి రోజుల్లో రవ్వలు ఎటు పడతాయో చూసి కొన్ని దారులు మూస్తారు, మళ్ళీ తెరుస్తారు. వెళ్ళదలచినవాళ్ళు టిక్కెట్లు కొనేముందు కాక, నడిచే రోజు పొద్దున అడగాలి. మనిషికి ఒక సీసా చొప్పున నీళ్ళు, వానకోటు, గట్టి బూట్లు, తలకు టోపీ తప్పనిసరి. ఎండ వుంటే నల్లరాయి కింద నుంచి కూడా కాలుస్తుంది, పది నిమిషాల్లో వానపడి వణుకూ పుడుతుంది. ఆరేళ్ళ పిల్ల వెళ్ళేటప్పుడు పరుగులు తీస్తుంది గాని, తిరిగి అంచు ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు ఎత్తుకోవలసిందే. మా ఇంట్లో ఆ వంతు తండ్రికి పడింది.